అటక మీద దొరికిన నోటుబుక్కు: తెలుగు అక్షరాలే గానీ ఒక్క ముక్క అర్థం కావట్లేదు

బందరు_బుల్లోడు
పాత ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశాం. పడగొట్టే ముందు అటక ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టెలో శుభలేఖల కట్ట కింద ఒక నోటుబుక్కు బయటపడింది. అట్ట లేదు, ఒక మూల చెదలు తినేసింది. మొదటి పేజీలో మా తాతగారి తాత పేరు, దాని కింద “పార్థివ నామ సం. శ్రావణం” అని ఉంది.

లోపల గుండ్రటి తెలుగు అక్షరాలు. పైకి చదవడానికి ఏ ఇబ్బందీ లేదు, కానీ బుర్రకి ఏమీ ఎక్కదు. మొదట్లోనే “సభామే దోస్తో ఇందర్ కీ ఆమద్ ఆమద్ హై” అని ఉంది. తర్వాత ప్రతి పేజీలోనూ “గుల్ఫాం”. అదే మాట ఇంకోచోట “గుల్పాము”, మరోచోట “గులుపాము”. నాన్న ఏవో మంత్రాలంటున్నారు, అనవసరంగా చదవొద్దంటున్నారు. బాబాయి మాత్రం తురుష్కుల దగ్గర గుమాస్తాగిరీ చేసినప్పటి లెక్కలంటున్నాడు.

ఆయన నాటకాల్లో ఇంద్రుడి వేషం కట్టేవాడని మా బామ్మ చెబుతుండేది. అది తప్ప ఇంకేమీ తెలియదు. బందరులో పుట్టి పెరిగిన మనిషి ఈ భాషలో ఎందుకు రాసుకున్నట్టు? అదీ తెలుగు అక్షరాల్లో?

సీరియల్_బాధితుడు
గులుపాము అంటే ఏ జాతి పాము? కాటు వేస్తుందా?

చార్మినార్_చాయ్
మంత్రాలు కాదు, లెక్కలు కాదు అన్నా. ఇది ఇందర్ సభ. లక్నోలో ఆగా హసన్ అమానత్ 1850ల్లో రాసిన ఉర్దూ నాటకం. మీరు పెట్టిన ముక్క దాని మొదటి పాట. సభకు ఇంద్రుడు వేంచేస్తున్నాడహో అని అర్థం. గుల్ఫామ్ పాము కాదు, హీరో.

ఇంద్రుడి కొలువులో నలుగురు పరీలు, అంటే రెక్కల దేవకన్యలు. పుఖ్‌రాజ్, నీలం, లాల్, సబ్జ్. సబ్జ్ పరీ భూలోకంలో నిద్రపోతున్న రాకుమారుడు గుల్ఫామ్‌ని చూసి మనసు పారేసుకుంటుంది. కాలా దేవ్ అనే రాక్షసుడిని పంపి నిద్రలోనే ఎత్తుకు రప్పిస్తుంది. పిల్లగాడు లేచి, ఇంద్రసభ చూపిస్తేనే సరే అని మొండికేస్తాడు. దాచిపెట్టి తీసుకుపోతుంది. లాల్ దేవ్ అనే ఇంకో రాక్షసుడు కనిపెట్టి చాడీ చెప్తాడు. ఇంకేముంది, గుల్ఫామ్‌ని కాఫ్ కొండ దగ్గర బావిలో వేస్తారు, ఈమె రెక్కలు పీకి తరిమేస్తారు. జోగిని వేషంలో పాడుకుంటూ తిరిగి తిరిగి, ఆఖరికి ఇంద్రుడి ముందే పాడుతుంది. ఆయన మెచ్చి ఏం కావాలో కోరుకో అంటాడు. గుల్ఫామ్ కావాలంటుంది. ఖేల్ ఖతం.

సీరియల్_బాధితుడు
హీరోయినే హీరోని కిడ్నాప్ చేయించిందా! మా ఇంట్లో రాత్రి ఏడున్నరకి వచ్చేదాని కంటే ఇది చాలా ముందుంది.

చార్మినార్_చాయ్
ఇంకో ముచ్చట. ఇది ఎంత ఆడిందంటే, కాశీలో భారతేందు హరిశ్చంద్ర దీన్ని వెక్కిరిస్తూ పేరడీ రాశాడు. పేరు “బందర్ సభ”. హిందీలో బందర్ అంటే కోతి. బుల్లోడు గారు ఏమీ అనుకోవద్దు.

బందరు_బుల్లోడు
ఏమీ అనుకోను. లడ్డూలు పంపేటప్పుడు మీ పేరు కొట్టేస్తాను, అంతే.

లాపాయింట్
సంవత్సరం తేలలేదు. పార్థివ 60 ఏళ్ళకోసారి వస్తుంది. 1885–86 కావచ్చు, 1945–46 కావచ్చు. మొన్న 2005–06 కూడా పార్థివే. పెట్టెలో దొరికిందల్లా పురాతనం అయిపోదు.

బందరు_బుల్లోడు
ఆయన పోయింది 1920ల్లో. రెండో పార్థివ చూసే అవకాశమే లేదు.

లాపాయింట్
అయితే 1885. ఒప్పుకున్నాను.

తెరచాటు_తులసి
1885, బందరు, తెలుగు లిపిలో హిందుస్తానీ. ఈ మూడూ ఒకచోట కలవడంలో వింతేమీ లేదు. నాదెళ్ళ పురుషోత్తమ కవి పేరు విన్నారా? అదే ఊళ్ళో నేషనల్ థియేట్రికల్ సొసైటీ అనే సమాజం కోసం 1884–86 మధ్య 32 హిందీ నాటకాలు రాశాడు. తెలుగు లిపిలోనే! ఆడినవాళ్ళూ చూసినవాళ్ళూ తెలుగువాళ్ళే.

ఎందుకంటే, అప్పటికి తెలుగులో ‘స్టేజీ నాటకం’ అనేది ఇంకా ఉగ్గుపాల దశలో ఉంది. 1880లో ధార్వాడ నాటక కంపెనీ రాజమండ్రి వచ్చి ఆడి వెళ్ళింది. వాళ్ళు వేసిన పాకలోనే కందుకూరి తన విద్యార్థుల చేత చమత్కార రత్నావళి ఆడించాడు. అది కూడా షేక్‌స్పియర్ కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌కి చేసిన అనుసరణ. అంటే పాక ధార్వాడ వాళ్ళది, కథ ఇంగ్లీషు వాళ్ళది, గొంతులు రాజమండ్రి కుర్రాళ్ళవి. ఆ రోజుల్లో నాటకం అంటే పరాయి భాషలో ఉండాలి కాబోలు అని జనం అనుకున్నా వాళ్ళ తప్పు కాదు.

అయితే నాదెళ్ళ వారివి రామదాసు చరిత్ర లాంటివి. మీ నోటుబుక్కులోది ఆయనది కాదు, బొంబాయి నుంచి బయల్దేరి ఊరూరా నాటకాలాడిన పార్సీ కంపెనీల సరుకు. గులుపాము అని రాశారంటే పుస్తకం చూసి ఎక్కించుకున్నది కాదు. ఎవరో చెబుతుంటే విని రాసుకున్నది. ఆ పేజీలు పారేయకండి, దండం పెడతాను.

పద్యప్రియ
అందరూ ఆహా ఓహో అంటున్నారు గానీ, మన నాటకం దారి తప్పింది ఇక్కడే. లైలా మజ్నూ, షిరీన్ ఫర్హాద్, గుల్ బకావళి, ఈ ఇందర్ సభ... అన్నీ దిగుమతి ప్రేమలు. రాకుమారుడు, పరీ, ఏడుపు, పాట. పద్యం పక్కకి పోయి పార్సీ మట్టు, అదే పాట వరస, నెత్తికెక్కింది. ఆ జబ్బే తర్వాత సినిమాకి అంటుకుంది.

తెరచాటు_తులసి
ప్రేమ దిగుమతి ఎలా అయింది పద్యప్రియ గారూ? శాకుంతలం ఏమిటి, వాతాపి జీర్ణమా? కోరాడ రామచంద్రశాస్త్రి 1860 ప్రాంతంలోనే మంజరీ మధుకరీయం రాశారు. తెలుగులో మొదటి స్వతంత్ర నాటకం అంటారే, అది ప్రేమకథే. ఆయన కూడా బందరులో పాఠాలు చెప్పిన మనిషే.

పద్యప్రియ
రాశారు. ఆడారా? పుస్తకం అచ్చు కావడానికే 1908 దాకా పట్టింది. నేను స్టేజీ మీద ఆడిన ప్రేమ గురించి మాట్లాడుతున్నా.

తెరచాటు_తులసి
సరే, ఆ పాయింటు మీదే. అచ్చులో లేని నాటకం జనంలోకి వెళ్ళదు. కానీ పార్సీ వాళ్ళు తెచ్చింది ప్రేమని కాదు. రంగు తెరలు, పక్క రెక్కలు, నేలలోంచి లేచే దేవతలు, టికెట్టు. వీటి మధ్యలో నిలబెడితే మన ఉషా అనిరుద్ధులు కూడా పార్సీ వాళ్ళలాగే కనిపిస్తారు.

చార్మినార్_చాయ్
దిగుమతి అంటే అసలు సరుకు నేను చూపిస్తా. ఆగా హష్ర్ కాశ్మీరీ రాసిన యహూదీ కీ లడ్కీ. రోమన్ రాకుమారుడు యూదుడిలా వేషం మార్చుకుని యూదుల పిల్లని ప్రేమిస్తాడు. మొదలు ఎక్కడిదో తెలుసా? 1835లో పారిస్‌లో ఆడిన ఒక ఫ్రెంచి ఆపెరా. దాన్ని లండన్‌లో మాంక్రీఫ్ నాటకం చేశాడు. అది ఇక్కడికొచ్చి ఉర్దూ డైలాగులు కట్టుకుంది. 1958లో హిందీ సినిమా కూడా అయింది, దిలీప్ కుమార్, మీనా కుమారి. ఒక్క ప్రేమకథ ఇన్ని పడవలెక్కి దిగింది. దాని ముందు ఇందర్ సభ పక్కా లోకల్. ఇంద్రుడు మనోడు, పరీ పర్షియా, కాలా దేవ్ ఇద్దరి మధ్యల.

సీరియల్_బాధితుడు
బిర్యానీ అనుకోండి. బియ్యం ఎక్కడివని ఎవరడుగుతారు.

పద్యప్రియ
నేనడుగుతాను.

లాపాయింట్
ఒక విషయం ఎవరూ అనలేదు. 1876లో డ్రమాటిక్ పెర్ఫార్మెన్సెస్ యాక్ట్ వచ్చింది. కలకత్తాలో తెల్లదొరలనీ వాళ్ళకి వంగి దండాలు పెట్టేవాళ్ళనీ ఎగతాళి చేస్తూ ఆడిన ప్రహసనాల మీద కోపంతో తెచ్చారు. దాంతో ప్రభుత్వం తనకి నచ్చని నాటకాన్ని ఆపేయగలిగేది, ఆడినవాళ్ళని పట్టుకోగలిగేది. ఊరూరా తిరిగే కంపెనీ యజమాని స్థానంలో ఉండి ఆలోచించండి. సామాన్లు బండ్ల మీద ఉన్నాయి, యాభై మందికి అన్నం పెట్టాలి. మీరు నీలిమందు తోటల దొరల్ని ఎండగట్టే నాటకం ఆడతారా, గుల్ఫామ్‌ని బావిలో వేసే నాటకం ఆడతారా? పరీల మీద ఏ కలెక్టరూ కేసు పెట్టడు.

తెరచాటు_తులసి
ఇది ఒక్కటే కారణమంటే ఒప్పుకోను. ఇందర్ సభ ఆ చట్టానికి ఇరవై ఏళ్ళ ముందు నుంచే ఉంది. కానీ అన్ని కంపెనీలూ ఒకే దారి ఎందుకు పట్టాయంటే, ఇది కూడా లెక్కలోకి వస్తుంది.

హార్మోనియం_తాత
చర్చ బాగుంది. నా వయసు 79. తొక్కుడు హార్మోనియం వాయించి బతికాను, ఊరు తెనాలి పక్కన. మా గురువుగారు పాటకి ముందు “ఇది పార్సీ మట్టురా” అనేవారు. అంటే వరస పార్సీ కంపెనీదని. మాటలు మాత్రం తెలుగువి వేసేవారు. ఆ వరసలు ఎవరు ఎక్కడి నుంచి తెచ్చారో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. కాళ్ళు తొక్కుతుంటే వేళ్ళు వాటంతటవే పోయేవి.

మా నాటక సమాజంలో ఒకాయన ఉండేవాడు, పేరు ఎందుకులెండి. చదువు లేదు. మధ్యలో తెర మార్చే టైము కోసం హిందుస్తానీ గజల్ ఒకటి పాడేవాడు. ఆయన గురువు నేర్పాడట. నలభై ఏళ్ళు పాడాడు. ఒకసారి గుంటూరులో ఆట అయ్యాక ఒక సాయిబు గారు లోపలికొచ్చి, రెండో చరణం తలకిందులుగా పాడుతున్నావు, ప్రియురాలు చచ్చిపోవాలని కోరుకుంటున్నట్టు వస్తోంది అన్నాడు. ఈయన దానికి “జనం ఏడుస్తున్నారు కదండీ” అన్నాడు. మర్నాడు కూడా అలాగే పాడాడు.

సీరియల్_బాధితుడు
తాతగారూ, మీరు రోజూ రావాలి.

కొత్తగా_చేరా
వన్స్ మోర్ అంటే నిజంగా మళ్ళీ పాడేవాళ్ళా? చనిపోయిన పాత్ర కూడా?

హార్మోనియం_తాత
చచ్చినవాడు లేచి పాడి మళ్ళీ చచ్చేవాడు. నేను సాక్షిని. గుల్ఫామ్ బావిలోంచి వచ్చి పాడి మళ్ళీ దిగి ఉంటాడు, అనుమానం అక్కర్లేదు.

అనంతపురం_అనామిక
పరీ విషయంలో నాకు నచ్చింది ఒకటుంది. ముందుగా మనసు పడింది ఆడది, సాహసం చేసింది ఆడది, బావిలో కూర్చున్నది మగాడు. చివరికి గెలిచింది కూడా ఆమే. ఇప్పుడు మా బళ్ళారి వైపు రండి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాసిన విషాద సారంగధర. చిత్రాంగి సవతి కొడుకు మీద మనసు పడుతుంది. అతను కాదంటాడు, ఆమె నింద వేస్తుంది, కాళ్ళూ చేతులూ నరికిస్తారు. పాత కథలో సారంగధరుడికి అవయవాలు తిరిగొస్తాయి. ఆచార్యుల వారు అది తీసేసి విషాదాంతం చేశారు. ఇంగ్లీషు ట్రాజెడీ చదివిన లాయరు మరి. ఆ రోజుల్లో నాటకాన్ని చావుతో ముగించడమే పెద్ద గొడవ.

అంటే రెండు రకాల దిగుమతి వచ్చింది. బొంబాయి నుంచి వచ్చింది సుఖాంతం, కాలేజీ పుస్తకాల నుంచి వచ్చింది దుఃఖాంతం.

తెరచాటు_తులసి
ఇది చాలా బాగా చెప్పారు. ఆయన సరస వినోదిని సభే 1891లో మద్రాసు వెళ్ళి ఆడింది. అది చూసిన పమ్మల్ సంబంధ మొదలియార్ అదే ఏడాది సుగుణ విలాస సభ పెట్టారు. తమిళ నాటకానికి మలుపు అంటారే, దానికి నిప్పు రాజేసింది బళ్ళారి తెలుగువాళ్ళు. దిగుమతి లెక్క రాస్తే ఎగుమతి కాలమ్ కూడా గీయాలి.

అయితే ఒక చిన్న సవరణ. బొంబాయి వాళ్ళు ఇంగ్లీషు నాటకాలూ బోలెడు ఎత్తారు. ఎత్తి సుఖాంతం చేసేవారు. ఆగా హష్ర్ కింగ్ లియర్‌ని సఫేద్ ఖూన్ పేరుతో మార్చినప్పుడు ముసలిరాజుకి రాజ్యం తిరిగొచ్చింది.

పద్యప్రియ
సుఖాంతం చేసినందుకు వాళ్ళని మెచ్చుకుంటాను. మంగళాంతం మన సంప్రదాయం. మిగతా మాట వెనక్కి తీసుకోను.

పెనాంగ్_పద్మ
మా వైపు కూడా ఇదే కథ. పార్సీ కంపెనీలు ఓడెక్కి ఇక్కడికొచ్చి ఆడితే, వాళ్ళని చూసి మలయ్‌వాళ్ళు 1880ల్లో సొంతంగా మొదలుపెట్టారు. దాని పేరు బంగ్సావన్. ఇక్కడ కూడా మొదట్లో ప్రేక్షకులకి భాష రాదు, పాట వచ్చు. నోటుబుక్కు మాట చదవగానే అదే గుర్తొచ్చింది.

చార్మినార్_చాయ్
బాలీవాలా అనే ఆయన పార్సీ కంపెనీ బర్మా పోయింది, 1885లో లండన్ కూడా పోయింది. అంతకు ముందు 1872లో విక్టోరియా అనే పార్సీ నాటక మండలిని సాలార్ జంగ్ హైదరాబాద్‌కు పిలిపించాడు. దాన్ని నడిపే దాదీ పటేల్ ఇక్కడి గాయకురాళ్ళని బొంబాయి తీసుకుపోయి ఇందర్ సభలో పరీల వేషం కట్టించాడు. అంతవరకు పరీలంటే మీసాలు గీసిన పోరగాళ్ళే.

అనంతపురం_అనామిక
మగవాళ్ళే కట్టినా తక్కువేం కాదు. గుజరాతీ స్టేజీ మీద జయశంకర్ అనే కుర్రాడు 1901లో సౌభాగ్య సుందరి నాటకంలో సుందరి వేషం వేశాడు. అది షేక్‌స్పియర్ ఒథెల్లోలో డెస్డిమోనా. అంతే, జీవితాంతం జయశంకర్ ‘సుందరి’ అయిపోయాడు. బొంబాయి ఆడవాళ్ళు ఆయన చీరకట్టు చూసి నేర్చుకున్నారు. మనకి స్థానం నరసింహారావు గారు లేరా? “మీరజాలగలడా” పాడితే పక్కనున్న ఆడవాళ్ళు చెయ్యి తిప్పడం నేర్చుకుని ఇంటికెళ్ళేవాళ్ళని మా అమ్మమ్మ చెప్పేది.

చార్మినార్_చాయ్
బుల్లోడు గారూ, ఒక పని చేయండి. మీ పెద్దాయన ఇంద్రుడి వేషం కట్టేవాడన్నారు కదా. ఇంద్రుడు రాగానే తనని తాను చెప్పుకునే ముక్క ఒకటుంది, “రాజా హూఁ మైఁ కౌమ్ కా ఔర్ ఇందర్ మేరా నామ్” అని. ఆ నాటకంలో అందరికీ తెలిసిన డైలాగు అదే. నోటుబుక్కులో ఉందా చూడండి.

బందరు_బుల్లోడు
ఇప్పుడే చూశా. “రాజా హూఁ” లేదు. ఆ చోట పొడుగ్గా గీత గీసి, చివర్లో “నహీ ముఝే ఆరామ్” అని మాత్రమే ఉంది. అలాంటి గీతలు చాలా ఉన్నాయి. చెదలు తిన్నాయని వదిలేశా, కాదు, కావాలనే గీసినవి.

హార్మోనియం_తాత
బాబూ, అది నాటకం మొత్తం కాదు. పోర్షన్. ఒక్కో నటుడు తన మాటలు మాత్రం పూర్తిగా రాసుకుంటాడు. ఎదుటివాడివి చివరి ముక్క చాలు, అది వినపడగానే తను అందుకోవాలి కాబట్టి. “ముఝే ఆరామ్” దగ్గర ఇంద్రుడు ఆపుతాడు. అంటే ఇంద్రుడు ఎదుటివాడు. మీ తాతగారి తాత ఇంద్రుడు కాదు. పూర్తిగా ఎవరి మాటలున్నాయో చూడు.

బందరు_బుల్లోడు
మొదటి పాట పూర్తిగా ఉంది.

హార్మోనియం_తాత
అది అందరూ కలిసి పాడేది. అది వదిలెయ్యి. గుల్ఫామ్ మాటలు?

బందరు_బుల్లోడు
గీతలే. అయితే గుల్ఫామ్ పేరు మాత్రం పూర్తిగా రాసిన పాటల్లో ఉంది. ఒకచోట “జోగన్” అని పైన రాసి, కింద రెండు పేజీల పాట. పక్కన పెన్సిల్‌తో “మెల్లగా” “ఇక్కడ ఏడవాలి” అని తెలుగులో ఉంది.

చార్మినార్_చాయ్
జోగిని! అన్నా, మీ పెద్దాయన సబ్జ్ పరీ.

సీరియల్_బాధితుడు
బ్రేకింగ్ న్యూస్.

లాపాయింట్
తొందరపడకండి. పరీ పాటలు నచ్చి రాసుకుని ఉండొచ్చు. నటుడే అనడానికి ఇంకేమైనా ఆధారం కావాలి.

బందరు_బుల్లోడు
ఆఖరి పేజీ గురించి చెప్పలేదు. అది మామూలు లెక్క అనుకున్నా. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా, రూపాయి అణా పైలు:

సవరం 1-4-0
గాజులు 0-3-0
అర్దళం 0-1-6
ఆకుపచ్చ పావడా కుట్టుకూలి 0-8-0
రెక్కలు వెదురు, కాగితం, 2 జతలు 0-12-0

లాపాయింట్
వాదన ముగిసింది. నేను కూర్చుంటున్నాను.

చార్మినార్_చాయ్
సబ్జ్ అంటేనే ఆకుపచ్చ!

కొత్తగా_చేరా
అర్దళం అంటే?

హార్మోనియం_తాత
ముఖానికి పూసే పసుప్పచ్చ రంగు. స్టేజీ మీద మెరుస్తుంది. పట్టించుకోకపోతే చర్మం తినేస్తుంది, కొబ్బరినూనె రాసి తీయాలి.

అనంతపురం_అనామిక
రెక్కలు రెండు జతలు ఎందుకో?

తెరచాటు_తులసి
ఆటకో జత పీకేస్తారు కదండీ ఇంద్రుడి మనుషులు.

పద్యప్రియ
ఆ పెద్దాయనకి నా నమస్కారాలు. ఆ పేజీ ఫొటో ఒకటి పెట్టండి. వరస ఏ రాగంలో కూర్చుంటుందో హార్మోనియం తాతగారు చెబితే నేనూ వింటాను.

బందరు_బుల్లోడు
ఫొటోలు రాత్రికి పెడతా. నాన్నకి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంద్రుడని చెప్పుకుని పెళ్ళిసంబంధాలు కూడా మాట్లాడారట మా వాళ్ళు. తర్వాత నిచ్చెన అడిగారు. ఇప్పుడు అటక మీద ఉన్నారు, రెండో జత రెక్కలు మిగిలి ఉంటాయేమోనని వెతుకుతున్నారు.